మాట ఎవరివ్వాలి?

మే నెల రెండో వారంలో, అనంతపురంలోని ఒక హోటల్ మేడ మీది హాలులో, ఒక ప్రైవేటు డెయిరీకి పాలు సేకరించే 14 మంది రూట్ సూపర్‌వైజర్లు, నలభై మంది దాకా పల్లె ఏజెంట్లు కూర్చుని ఉండగా నేను రెండున్నర గంటలు మాట్లాడాను. ఆ డెయిరీకి అప్పటికి రోజుకు 20,000 లీటర్ల పాలు వస్తున్నాయి. దసరా నాటికి 35,000 లీటర్లు రావాలని యాజమాన్యం తీర్మానించుకుంది. ఆ అంకె చెప్పగానే సిబ్బంది ముఖాలు వాడిపోతున్నాయి కనుక, వాళ్లలో మళ్లీ ఉత్సాహం నింపే పని నాకు అప్పగించారు. ఎనిమిదేళ్లు బిందుసేద్యం పరికరాలు అమ్మే ఉద్యోగం చేసి, ఆ తరువాత తొమ్మిదేళ్లుగా కర్నూలు, కడప, అనంతపురం ప్రాంతాల్లో కంపెనీల సిబ్బందికి మోటివేషన్ క్లాసులు చెప్పి బతుకుతున్నవాణ్ణి కాబట్టి, ఇది నాకు కొత్త పనేమీ కాదు.

ఆ రోజు నా ప్రసంగం బాగా వచ్చిందనే చెప్పాలి. నవ్వవలసిన చోట నవ్వారు, కళ్లు తడి కావలసిన చోట తడి అయ్యాయి. చివర అందరినీ లేపి నిలబెట్టి, కుడిచేయి ముందుకు చాపించి, దసరాకు 35,000 లీటర్లు తెస్తామని ప్రతిజ్ఞ చేయించాను. ప్రతి సూపర్‌వైజరూ తన రూటు నుంచి ఎన్ని లీటర్లు తెస్తాడో పసుపు రంగు చీటీ మీద రాసి, సంతకం పెట్టి, వేదిక పక్కనున్న బోర్డుకు అంటించాడు. ఫోటోలు తీశారు. టీ, సమోసాలు వచ్చే లోపల మైకు ఇంకా నా చేతిలోనే ఉండగా, వెనక వరుసలోంచి కళ్యాణదుర్గం వైపు రూటు చూసే ఒక పెద్దవయసు సూపర్‌వైజర్ లేచి, "సార్, మీరు చెప్పిందంతా బాగుండాది. రైతులకు బిల్లు ఏ తేదీకి పడతాదో ఒక్క మాట చెప్పించండి, తక్కింది మేం జూసుకుంటాం" అన్నాడు.

దానికి నేనిచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. "సమస్యలు చెప్పేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారన్నా, పరిష్కారం చెప్పేవాళ్లే నాయకులవుతారు" అన్నాను. హాలంతా నవ్వింది, చప్పట్లు కొట్టింది. ఆయన కూడా నవ్వి కూర్చున్నాడు.

ఆయన అడిగినది సమస్య కాదనీ, ఆ రెండున్నర గంటల్లో ఆ హాలులో ఎవరైనా చెప్పిన ఏకైక పరిష్కారం అదేననీ నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఆ డెయిరీ పది రోజులకొకసారి పాల బిల్లు కట్టాలి. కాగితం మీద నియమం అదే. వాస్తవంలో ఆ బిల్లు ఒక్కోసారి మూడు వారాలు ఆలస్యమయ్యేది. పొద్దున్నే అదే వీధిలోకి మరొక డెయిరీ వ్యాను వస్తుంది, లీటరుకు రూపాయి తక్కువే ఇస్తుంది, కానీ శనివారం నాడు డబ్బులు చేతిలో పెడుతుంది. అటువంటప్పుడు రెండావుల రైతు ఎవరి క్యానులో పాలు పోస్తాడో తెలుసుకోవడానికి ఏ శిక్షణా అవసరం లేదు.

అయినా మొదటి మూడు వారాల్లో పాలు పెరిగాయి. రోజుకు దాదాపు 3,000 లీటర్లు ఎక్కువ వస్తున్నాయని చెప్పి యజమాని మా ఇంటికి స్వీటు పెట్టె పంపించాడు. ఎండాకాలంలో పశువు పాలు తగ్గిస్తుందనీ, అనంతపురం ఎండల్లో మే నెలాఖరుకు సేకరణ పెరగడమే ఒక వింత అనీ ఆలోచించవలసిన నేను, స్వీట్లు తిని ఊరుకున్నాను. జూన్ మధ్యలో ఆ డెయిరీ ల్యాబులో పని చేసే కెమిస్టు ఫోన్ చేసి అసలు సంగతి చెప్పాడు. ఆవుపాలలో ఎనిమిదిన్నర శాతానికి అటూ ఇటూగా ఉండవలసిన ఎస్ఎన్ఎఫ్ (నీళ్లూ కొవ్వూ పోగా పాలలో మిగిలే గట్టి పదార్థం) మెల్లమెల్లగా జారి, కొన్ని రూట్లలో ఏడున్నర దగ్గరికి వచ్చింది. పచ్చిగా చెప్పాలంటే నీళ్లు కలుస్తున్నాయి. పల్లెలో లాక్టోమీటరు ముంచి, పలుచగా ఉంటే క్యాను తిప్పి పంపవలసిన ఏజెంటు ఇప్పుడు చూసీ చూడనట్టు పోయించుకుంటున్నాడు. అతనికి ఆ ధైర్యమిచ్చినది సూపర్‌వైజరు. సూపర్‌వైజరుకు ఆ అవసరం కల్పించినది పసుపు చీటీ మీద అతను నా ఎదుట పెట్టిన సంతకం. ఆ నెలాఖరున పెద్ద డెయిరీ ఒకటి వీళ్ల ట్యాంకరును గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపింది. ఇద్దరు సూపర్‌వైజర్లను ఉద్యోగంలోంచి తీసేశారు. తీసేసిన వాళ్లలో ఒకడు ఆ రోజు ప్రతిజ్ఞ చేసేటప్పుడు అందరికంటే గట్టిగా అరిచిన కుర్రవాడు.

ఇంత జరిగాక మోటివేషన్ క్లాసులన్నీ బూటకమని రాసి చేతులు దులుపుకోవడం సులభం. అలా రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లలో చాలామందికి నెల జీతం ఠంచనుగా వస్తుంది. నేనలా అనలేను, తిండి పెట్టే పని కాబట్టి మాత్రమే కాదు. కష్టమైన లక్ష్యం మనిషి చేత ఎక్కువ పని చేయిస్తుందన్నది గాలి మాట కాదు. ఎడ్విన్ లాక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960ల నుంచి చేసిన ప్రయోగాలలోనూ, తరువాత గ్యారీ లేథమ్‌తో కలిసి దశాబ్దాల పాటు కూడబెట్టిన ఆధారాలలోనూ తేలినది అదే. "నీకు చేతనైనంత చెయ్యి" అని వదిలేసిన వాళ్ల కంటే, స్పష్టమైన, కష్టసాధ్యమైన అంకె ఒకటి ఎదుట ఉన్నవాళ్లు ఎక్కువ సాధించారు. అయితే వాళ్లిద్దరూ ఆ మాటకు కొన్ని షరతులు కట్టారు. పని చేతనైనదై ఉండాలి, ఆ లక్ష్యాన్ని మనిషి తనదిగా ఒప్పుకోవాలి, ఎంతవరకు వచ్చాడో అతనికి ఎప్పటికప్పుడు తెలియాలి. మా వృత్తిలోని వాళ్లం ఆ షరతులను పక్కన పెట్టి, కష్టమైన అంకెను మాత్రం భుజాన వేసుకుని ఊళ్లు తిరుగుతున్నాం.

అదే లేథమ్, బాల్డెస్ అనే మరొకరితో కలిసి 1975లో ప్రచురించిన ఒక అధ్యయనాన్ని నేను నా క్లాసుల్లో ఏళ్ల తరబడి సగమే చెప్పాను. ఓక్లహోమాలో కలప దుంగలు మోసే లారీ డ్రైవర్లు చట్టం అనుమతించిన బరువులో 60 శాతం దాకానే ఎక్కించుకుని పోతుండేవారు. మీ చేతనైనంత ఎక్కించండని ఎన్నిసార్లు చెప్పినా మార్పు రాలేదు. అప్పుడు 94 శాతం ఎక్కించాలని కచ్చితమైన లక్ష్యం పెట్టారు. జీతం పెంచలేదు, బహుమతులు పెట్టలేదు, లక్ష్యం చేరితే నోటి మాటగా మెచ్చుకోవడం తప్ప. తొమ్మిది నెలల తరువాత చూస్తే లారీలు 90 శాతానికి మించిన బరువుతో వెళ్తున్నాయి. నేను చెబుతూ వచ్చినది ఇంతవరకే. చప్పట్లకు ఇంతకంటే అవసరం లేదు.

చెప్పకుండా వదిలేసిన సగం రెండో నెలలో ఉంది. మొదటి నెలలో 80 శాతానికి ఎగబాకిన బరువు, రెండో నెలలో 70 శాతానికి పడిపోయింది. ఎందుకని డ్రైవర్లను అడిగితే తెలిసిన సంగతి ఏమిటంటే, లక్ష్యం చేరకపోయినా ఎవరినీ శిక్షించబోమని యాజమాన్యం మొదట్లో మాటిచ్చింది, ఆ మాట నిజమా కాదా అని వాళ్లు పరీక్షిస్తున్నారు. కావాలనే బరువు తగ్గించి చూశారు. ఎవరి మీదా చర్య తీసుకోలేదు. ఆ తరువాతనే బరువు మళ్లీ పెరగడం మొదలైంది. లారీలను నింపింది 94 అనే అంకె ఒక్కటే కాదు, పడిపోయిన నెలలో కూడా నిలబడిన మాట కూడా అని నేను అర్థం చేసుకున్నాను. లక్ష్యం ఒప్పుకున్నది డ్రైవర్లే, కానీ ముందుగా మాట ఇచ్చినది, దానికి కట్టుబడినది యజమానులు.

నా హాలులో మాట ఇచ్చినది ఎవరు? యాభై నాలుగు మంది సిబ్బంది. ముందు వరుసలో కుర్చీలు వేయించుకుని కూర్చున్న యజమానీ, ఆయన తమ్ముడూ, జనరల్ మేనేజరూ లేచి నిలబడ్డారు గానీ, వాళ్ల చేత నేను ఏ ప్రతిజ్ఞా చేయించలేదు. ఎందుకు చేయించలేదని అప్పుడు ఎవరైనా అడిగి ఉంటే, నాకు ఫీజు ఇచ్చేది వాళ్లే కదా అని నవ్వేసి ఉండేవాణ్ణి.

తెలుగునాట మా వృత్తిలో ఉన్న వాళ్లందరికీ జాంబవంతుడు ఆదిగురువు. సముద్రపు ఒడ్డున కూర్చున్న హనుమంతుడికి అతని బలం గుర్తు చేసి లంకకు దూకించిన ఆ ఘట్టాన్ని చెప్పని స్పీకరు ఈ మూడు జిల్లాల్లో ఎవరూ ఉండరు, నేను కనీసం మూడు వందల సార్లు చెప్పి ఉంటాను. కానీ ఆ ఘట్టానికి ముందు జరిగిన సంగతి ఎవరమూ చెప్పం. నూరు యోజనాల సముద్రం ఎదుట అంగదుడు మొదట అడిగినది మీలో ఎవరు ఎంత దూరం దూకగలరని. గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు, అలా ఒక్కొక్కరూ తమ లెక్క చెప్పారు. జాంబవంతుడు తాను ముసలివాణ్ణయ్యాననీ, తొంభై యోజనాల వరకు పోగలననీ ఒప్పుకున్నాడు. యువరాజు అంగదుడు నూరూ దూకగలను గానీ తిరిగి రాగలనో లేదో తెలియదన్నాడు. నాయకుడు సభలో ఆ మాట అనగలగడం చిన్న సంగతి కాదు. ఎవరూ ఎవరినీ నువ్వు నెగటివ్‌గా మాట్లాడుతున్నావని కసరలేదు. ఆ లెక్క అంతా పూర్తయిన తరువాతే జాంబవంతుడు హనుమంతుడి వైపు తిరిగాడు. తిరిగి చెప్పిన మాటలైనా నినాదాలు కావు, అతని పుట్టుక, అతను చిన్ననాట సూర్యుడి మీదికి ఎగిరిన సంగతి. అంటే అతను ఇదివరకు చేసి చూపించిన పనినే అతనికి చెప్పాడు. నా హాలులో పెద్దాయన అడిగిన బిల్లు తేదీ ఆ లెక్కలో ఒక భాగం. లెక్క చెప్పబోయిన వాణ్ణి నవ్వులపాలు చేసి, నేను నేరుగా సముద్రలంఘనానికి పోయాను. (శల్యసారథ్యమంటే పక్కన కూర్చుని నిరుత్సాహపరచడం అనుకుంటాం గానీ, గుర్రాలకు మేత ఉందో లేదో చూడకుండా పొగిడేవాడు అంతకంటే మేలైన సారథి ఏమీ కాడు.)

ఇచ్చిన మాట నిలబడుతుందా లేదా అనే విషయంలో ఇక్కడి సీమ మనుషులకు అనుభవం ఎక్కువ. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గారి శ్రీబాగ్ భవనంలో కోస్తా నాయకులూ సీమ నాయకులూ ఒడంబడిక రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా జలాల్లో రాయలసీమకు ప్రాధాన్యం, రాజధాని లేదా హైకోర్టు, ఇంకా కొన్ని అంశాలు అందులో ఉన్నాయి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది, 1956లో అది హైదరాబాదుకు వెళ్లిపోయింది. నీళ్ల సంగతి మీద ఈ రోజుకూ సభలు జరుగుతూనే ఉన్నాయి. ఎనిమిది దశాబ్దాలు దాటినా ఈ నేల మీద ఏ ఊళ్లో మైకు పెట్టినా శ్రీబాగ్ పేరు వినిపిస్తుందంటే, అది ఒక ఆశ పేరుగా కాదు, ఒక బాకీ పేరుగా వినిపిస్తుంది. ఆ రాజకీయంలోకి నేను ఇక్కడ దిగను. నేను చెప్పేది ఒక్కటే, ఇటువంటి నేల మీద పుట్టిన మనిషి మంచి ప్రసంగం వింటే చప్పట్లు కొడతాడు, ఆ తరువాత తేదీ అడుగుతాడు. వెనక వరుసలోని పెద్దాయన చేసినది అదే. దాన్ని నిరుత్సాహమనుకోవడం నా తెలివితక్కువతనం.

డెబ్బయి ఏళ్ల కిందటే డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ అనే అమెరికన్ గణాంక శాస్త్రవేత్త జపాన్ పరిశ్రమల వాళ్లకు నాణ్యత గురించి పాఠాలు చెప్పాడు. తరువాత ఆయన యాజమాన్యాల కోసం రాసిన 14 సూత్రాలలో పదోది, పనివాళ్లను ఉద్దేశించిన నినాదాలూ ప్రబోధాలూ టార్గెట్లూ తీసిపారేయమంటుంది. నాణ్యత తగ్గడానికీ పని తగ్గడానికీ కారణాలలో ఎక్కువ భాగం పని జరిగే పద్ధతిలో ఉంటాయి, అవి పనివాడి చేతిలో ఉండవు, అతని చేతిలో లేని దానికి అతణ్ణి ఉద్బోధించడం వల్ల వైరం మాత్రమే పెరుగుతుంది అని ఆయన వాదం. ఈ సూత్రం చదివినప్పుడు నా వృత్తికి ఎవరో నోటీసు అంటించినట్టు అనిపించింది. నేను డెమింగ్ అంత దూరం పోను. అంకె ఉండాలనే అంటాను. కానీ అంకె ఒక్కదాన్నే తీసుకుని పద్ధతిని వదిలేస్తే ఏమవుతుందో మా పాల క్యానులోనే కాదు, పెద్ద బ్యాంకుల్లో కూడా జనం చూశారు. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ప్రతి ఖాతాదారుకూ ఎనిమిది రకాల ఖాతాలో సేవలో అమ్మాలని సిబ్బందిని తరిమింది. సిబ్బంది ఖాతాదారులకు తెలియకుండా లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016లో ఆ బ్యాంకు 18.5 కోట్ల డాలర్ల జరిమానాలు కట్టింది, దాదాపు 5,300 మంది ఉద్యోగాలు ఊడాయని ఒప్పుకుంది. అక్కడి ఎనిమిదికీ, మా బోర్డు మీది 35,000కూ నాకు పెద్ద తేడా కనిపించదు, పాలలో నీళ్లు పోయడం కాస్త పాత విద్య అంతే.

ఆగస్టులో అదే డెయిరీ యజమాని నన్ను మళ్లీ పిలిచాడు. ట్యాంకరు తిరిగి వచ్చాక సేకరణ 18,000 లీటర్లకు పడిపోయింది, మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు, మీరొచ్చి మళ్లీ ఒకసారి మాట్లాడండి అన్నాడు. ఈసారి నేను రెండు కోరికలు కోరాను. ఒకటి, నేను అరగంట కంటే ఎక్కువ మాట్లాడను, ఆ తరువాత పాలు పోసే రైతు ఒకరు మాట్లాడాలి. రెండు, చివర ప్రతిజ్ఞ ఉంటుంది గానీ చేసేది ఆయన.

మొదటి కోరికకు వెనక ఒక ఆధారం ఉంది. ఆడమ్ గ్రాంట్ అనే మనస్తత్వవేత్త, అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి ఫోన్లలో విరాళాలు అడిగే సిబ్బంది దగ్గరికి, ఆ విరాళాల వల్ల స్కాలర్‌షిప్పు పొందిన ఒక విద్యార్థిని తీసుకుపోయి అయిదు నిమిషాలు మాట్లాడించాడు. నెల తరువాత లెక్క చూస్తే వాళ్లు ఫోన్లలో గడిపిన సమయం 142 శాతం, తెచ్చిన విరాళాలు 171 శాతం పెరిగాయి. 2007లో అచ్చయిన ఈ అధ్యయనం చదివిన రోజున, రెండున్నర గంటల నా ప్రసంగాల మీద నాకున్న గౌరవం కొంత తగ్గింది.

కళ్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. వేరుశనగ మూడేళ్లు వరసగా దెబ్బతిన్నాక రెండు ఆవుల మీద సంసారం లాగుతున్న మనిషి. మైకు పట్టుకోవడం తెలియక దాన్ని గడ్డానికి ఆనించి పెట్టుకుంది. "మీ మనిషి ఐదున్నరకు వస్తాడని నేను నాలుగింటికి లేస్తాను. ఆయప్ప ఏడింటికొస్తే పాలు ఇరిగిపోతాయి. ఇరిగినాయని తిప్పి పంపుతాడు. ఆ పొద్దు నా బిడ్డ బస్సుకు డబ్బుల్లేక కాలేజీకి పోదు" అంది. అంతే, నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. ఆమె ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ పొగడలేదు. ముందు వరుసలో ఒక కుర్ర ఏజెంటు తల వంచుకుని సెల్‌ఫోన్ మూత అటూ ఇటూ తిప్పుతున్నాడు. పెద్దాయన లేచి, "అక్కా, పొద్దున మా బండి మీ ఊరికి ముందు వచ్చేటట్టు రూటు తిప్పితే సరిపోతాదా?" అని అడిగాడు. సరిపోతుందని ఆమె అంది. నా తొమ్మిదేళ్ల వృత్తిలో ఒక క్లాసు నడుస్తుండగానే ఒక పని చక్కబడడం చూసింది అదే మొదటిసారి.

తరువాత యజమాని లేచాడు. ఆయన మాటకారి కాడు, కాగితం చూసి చదివాడు. పది రోజుల బిల్లు మూడో రోజుకు, అంటే ప్రతి నెలా 3, 13, 23 తేదీలకు రైతు ఖాతాలో పడుతుందనీ, ప్రతి సెంటర్లోనూ నెలకొకసారి రైతుల ఎదుటే, పాలలో వెన్న శాతం కొలిచే ఫ్యాట్ మిషన్ సరిచూస్తామనీ చెప్పాడు. వెనక నుంచి ఎవరో "పడకపోతే?" అన్నారు. హాలు నిశ్శబ్దమైంది. ఆయన నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను, ఎందుకంటే ఆ ప్రశ్నకు జవాబు నేను రాసివ్వలేదు. కాసేపటికి ఆయనే, "పడకపోతే ఆ పది రోజులకు మీ టార్గెట్ నేను అడగను" అన్నాడు. ఆ మాట కాగితం మీద లేదు.

వెంటనే పాలు పొంగి పొర్లాయని రాయగలిగితే బాగుండేది. ఒక నెలంతా ఒక్క లీటరు కూడా పెరగలేదు. యజమాని రెండుసార్లు ఫోన్ చేసి నిష్ఠూరమాడాడు. ఓక్లహోమా డ్రైవర్ల రెండో నెల కథ చెప్పి, వాళ్లు మిమ్మల్ని పరీక్షిస్తున్నారు, తేదీ తప్పవద్దన్నాను. ఆయనకు నమ్మకం కుదరలేదు గానీ తేదీ మాత్రం తప్పలేదు. మూడో బిల్లు తరువాత రైతులు ఒక్కొక్కరే ఆ మరో వ్యాను దగ్గరి నుంచి తిరిగి వచ్చారు. దసరా నాటికి 23,500 లీటర్లు, సంక్రాంతి నాటికి 29,000. అనుకున్న 35,000 దసరాకు కాదు గదా, ఇప్పటికీ రాలేదు. ఎస్ఎన్ఎఫ్ మాత్రం మళ్లీ ఎనిమిదిన్నర దగ్గర ఉందని కెమిస్టు చెబుతుంటాడు. దీన్ని విజయమనాలో వైఫల్యమనాలో చెప్పమంటే నేను విజయమనే అంటాను, కానీ నా బ్రోషరులో వేసుకోవడానికి పనికొచ్చే విజయం కాదిది.

ఈ పద్ధతి మీద నా తోటి స్పీకర్లకు ఒక అభ్యంతరం ఉంది, అది తీసిపారేయదగ్గది కాదు. నువ్వు చెప్పేది మేనేజ్‌మెంట్ సలహా, మోటివేషన్ కాదు, మనిషిలో జోష్ నింపడమనేది వేరే విద్య, దానికి గొంతు కావాలి, కథ కావాలి, లయ కావాలి అంటారు. నిజమే. మా వైపు తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూసినవాళ్లెవరూ అరుపు శక్తిని కాదనలేరు. నిర్ణయించిన నిమిషాల్లో ఎద్దుల జత క్వింటాళ్ల కొద్దీ బరువున్న బండను ఎన్ని అడుగులు లాగితే అంత గొప్ప. చివరి నిమిషంలో ఎద్దులకు అటూ ఇటూ పరుగెత్తే మనుషులు గొంతు చించుకుని అదిలిస్తుంటే, ఆగిపోయిందనుకున్న బండ మరో పది అడుగులు కదలడం నేను కళ్లారా చూశాను. ఆ పది అడుగులు అరుపు లాగినవే. కానీ ఆ అరిచే మనిషే ఏడాది పొడుగునా ఉలవలు ఉడకబెట్టి పెట్టినవాడు, కాలి గిట్ట అరిగితే నాడా కొట్టించినవాడు, పోటీకి ముందు రాత్రి కొట్టంలో ఎద్దు పక్కనే పడుకున్నవాడు. ఎద్దు అతని గొంతు గుర్తుపడుతుంది. పోటీ రోజున కర్నూలు నుంచో కడప నుంచో ఫీజు మాట్లాడుకుని వచ్చి, ముందెన్నడూ చూడని ఎద్దు చెవిలో అరిచేవాడు ఆ వృత్తిలో ఎవరూ లేరు. మా వృత్తిలో అందరమూ అదే.

కాబట్టి నేను ఇప్పుడు క్లాసుకు ఒప్పుకునే ముందు రెండు రోజులు ఆ సిబ్బందితో తిరుగుతానని అడుగుతున్నాను. తెల్లవారుజామున పాలబండి ఎక్కడమో, షోరూములో వెనక కౌంటరు దగ్గర కూర్చోవడమో, రికవరీ కుర్రవాళ్ల బైకు వెనక కూర్చుని పల్లెలకు పోవడమో చేస్తే, లక్ష్యానికీ వాళ్లకూ మధ్య అడ్డంగా ఉన్న రాయి ఏదో చాలావరకు మొదటి రోజు మధ్యాహ్నానికే కనిపిస్తుంది. అది చాలాసార్లు చిన్నదే అయి ఉంటుంది. పాడైన ప్రింటరు, సాయంత్రం ఆరు తరువాత పెట్టే మీటింగు, నెల మధ్యలో మార్చే ఇన్సెంటివ్ లెక్క, బిల్లు తేదీ. ఆ తరువాత పైవాళ్ల దగ్గరికి పోయి, ఇందులో ఏది తీసేస్తామని మీరు అందరి ఎదుట మాటివ్వగలరు, ఏ తేదీకి, తప్పితే ఏమవుతుంది అని అడుగుతాను. ఆ మూడింటికీ జవాబు వచ్చిన చోట నా ప్రసంగం ఎలా ఉన్నా ఫరవాలేదు, ఒకటి రెండు కథలు తప్పిపోయినా జనం క్షమిస్తారు.

జవాబు రాని చోట్లు ఎక్కువ. పోయిన నెల ఒక సంస్థ వాళ్లు ఫోన్ చేశారు. సిబ్బంది టార్గెట్‌లో సగం కూడా చేయడం లేదు, మూడు గంటల పాటు నిప్పులు చెరిగినట్టు మాట్లాడాలి అన్నారు. నా మూడు ప్రశ్నలూ అడిగాను. అవతలి మనిషి కాస్త ఆగి, "సార్, మీరు మా వాళ్లకు చెప్పడానికి వస్తున్నారా, మాకు చెప్పడానికా?" అన్నాడు. ఇద్దరికీ అన్నాను. రెండు రోజులు తిరగడానికి బడ్జెట్ లేదనీ, మాటలివ్వడం తమ చేతిలో లేదనీ, హెడ్డాఫీసు హైదరాబాదులో ఉందనీ చెప్పి, ఫీజు మాత్రం నేను చెప్పిన దానికి రెండు వేలు ఎక్కువే ఇస్తామన్నాడు.

ఆ నెల మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసి ఉండింది. వెళ్లాను. జాంబవంతుడి కథ పాత పద్ధతిలోనే చెప్పాను, యోజనాల లెక్క వదిలేసి. చప్పట్లు గట్టిగానే పడ్డాయి.